మాత్రలో దాగిన వలయం

పిల్లలూ,

ఫిబ్రవరి 10వ తేదీ మీకు గుర్తుండే ఉంటుంది. నులిపురుగుల నివారణ దినం. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక తరగతికొకరం నిలబడి మీ చేత ఆల్బెండజోల్ మాత్ర నమిలించాం. "నమిలావా? ఏదీ, నోరు తెరు" అని ఒక్కొక్కరినీ అడిగాం. అంతా సవ్యంగా జరిగిందనే అనుకున్నాం. మర్నాడు పొద్దున ఒక కిటికీ కింద పూలకుండీల దగ్గర చూస్తే ఏడు మాత్రలు కనిపించాయి! సగం నమిలి ఉమ్మేసినవి మూడు, పంటికి తగలకుండానే విసిరేసినవి నాలుగు.

ఎవరు పారేశారని అడిగితే ఎవరు చెప్తారు? మేమూ గట్టిగా అడగలేదు. కానీ ఆ సాయంత్రం ఏడో తరగతి అబ్బాయి ఒకడు తనంతట తానే వచ్చాడు. "సార్, నాకు కడుపునొప్పేమీ లేదు. రోగం లేనివాడికి మందెందుకు సార్?" అన్నాడు.

ప్రశ్న బాగుంది. జవాబే మా దగ్గర సరిగ్గా లేదు. మేము తెలుగు చెప్పేవాళ్లం. మందుల సంగతి మాకేం తెలుసు? అందుకని కెమిస్ట్రీ మేడంగారి దగ్గరికి వెళ్లి, "ఈ మాత్రలో ఏముందండీ?" అని అడిగాం. ఆవిడ బోర్డు మీద ఒక వలయం గీశారు. దాని పక్కన ఇంకో వలయం గీశారు. ఆ వలయాల వెంట వెళ్లి చదువుకుంటూ పోతే అవి మమ్మల్ని మన పుదుచ్చేరి మురుగుకాలువల దగ్గరికీ, గోదావరి జిల్లాలోని భీమవరానికీ, అమెరికాలోని ఒక మందుల ప్రయోగశాలకూ, చివరికి విశాఖపట్నానికీ తీసుకుపోయాయి. తెలుసుకున్నది మీకూ చెప్దామని ఈ వ్యాసం.

వలయం అంటే ఏమిటి?

కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. నైట్రోజన్‌కు మూడు, ఆక్సిజన్‌కు రెండు, హైడ్రోజన్‌కు ఒక్కటే. ఆ చేతులతో అవి ఒకదాన్నొకటి పట్టుకుని అణువులు అవుతాయి. కార్బన్లు వరసగా చేతులు పట్టుకుంటే గొలుసు. ఆ గొలుసులో మొదటిదీ చివరిదీ కూడా చెయ్యి కలిపితే వలయం. చిన్న తరగతుల్లో మీరు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగిన ఆట లాంటిదే ఇదీ.

ఆరు కార్బన్లు ఇలా గుండ్రంగా నిలబడి, మిగిలిన చేతులన్నిటితో హైడ్రోజన్లను పట్టుకుంటే అది సైక్లోహెక్సేన్. పెట్రోలు లాంటి వాసన వేసే ద్రవం. నీళ్లలో పోస్తే కలవదు. నూనెలాగా పైకి తేలుతుంది.

ఇప్పుడు ఆ ఆరింటిలో ఎదురెదురుగా ఉన్న రెండు కార్బన్లను తప్పించి, వాటి చోట రెండు నైట్రోజన్లను నిలబెడదాం. దాని పేరు పిపెరజైన్. అదీ ఆరు పరమాణువుల వలయమే. ఆకారం కూడా దాదాపు అదే. కానీ గుణం పూర్తిగా మారిపోయింది. ఇది తెల్లటి స్ఫటికాలుగా ఉంటుంది, నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కరిగిన నీళ్లకు క్షారగుణం వస్తుంది. మారినవి రెండు పరమాణువులే!

ఇలా కార్బన్లతో పాటు వేరే మూలకం కూడా సభ్యురాలిగా ఉన్న వలయాన్ని హెటెరోసైక్లిక్ వలయం అంటారు. మనం విజాతి వలయం అని పిలుచుకుందాం. అలా వచ్చి చేరే మూలకం చాలావరకు నైట్రోజన్, ఆక్సిజన్, సల్ఫర్‌లలో ఒకటి.

కొత్తగా వచ్చిన పరమాణువు ఏం చేస్తుంది?

ఈ సంగతి మీకు మేము ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మీరు కొత్త తరగతిలోకి వెళ్తారు. మొదటి రోజు మీ మాట వేరు, మీ టిఫిన్ డబ్బాలో కూర వేరు. అందరూ మిమ్మల్నే చూస్తారు. కానీ కొన్నాళ్లు గడిచాక చూడండి. ఆ తరగతికి తెలియని ఊళ్ల సంగతులు, తెలియని ఆటలు తెచ్చేది మీరే. వలయంలో నైట్రోజన్ పని కూడా కొంచెం అలాంటిదే. కార్బన్ల వలయానికి బయటి ప్రపంచంతో స్నేహం కలుపుతుంది.

ఎలాగంటే, నైట్రోజన్ తన మూడు చేతులూ ఇచ్చేశాక కూడా దాని దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జంట ఒకటి మిగులుతుంది. దాంతో మూడు పనులు జరుగుతాయి. మొదటిది, ఆ జంట నీటి అణువుల్లోని హైడ్రోజన్లను తన వైపు లాక్కుంటుంది. అందుకే పిపెరజైన్ నీళ్లలో కరుగుతుంది. మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరగాలంటే నీళ్లతో ఈ స్నేహం ఉండాలి. రెండోది, ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్‌ను తీసుకుని లవణంగా మారుతుంది. లవణాన్ని పొడి చేసి మాత్రగా అచ్చొత్తడం తేలిక. మూడోది, మన ఒంట్లోనో, పురుగు ఒంట్లోనో ఉన్న ప్రోటీన్‌లో సరైన చోటు దొరికితే అక్కడ పట్టుకుని నిలబడుతుంది. వలయం గొలుసులాగా ఇష్టం వచ్చినట్టు వంగదు. దానికొక స్థిరమైన ఆకారం ఉంటుంది. తాళంచెవి మెత్తగా వంగిపోతే తాళం తెరుచుకుంటుందా?

నిజానికి మన శరీరానికి విజాతి వలయాలు కొత్త కాదు. డీఎన్ఏలో అక్షరాల్లాంటి నాలుగు క్షారాలూ నైట్రోజన్ ఉన్న వలయాలే. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌లోనూ, ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితంలోనూ అలాంటి వలయాలే ఉన్నాయి. 2014లో అచ్చయిన ఒక లెక్క ప్రకారం, అమెరికాలో అనుమతి పొందిన చిన్న అణువుల మందుల్లో 59 శాతం మందుల్లో నైట్రోజన్ ఉన్న విజాతి వలయం కనీసం ఒకటైనా ఉంది. ఎక్కువగా కనిపించే ఆ వలయాల జాబితాలో మన పిపెరజైన్‌ది మూడో స్థానం.

ఇంతకీ పిపెరజైన్ అనే పేరు ఎక్కడిదో తెలుసా? మిరియాల నుంచి వచ్చింది! మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం పైపరీన్. దాని నుంచి రాబట్టిన వలయానికి పిపెరిడీన్ అని పేరు పెట్టారు. అందులో ఐదు కార్బన్లు, ఒక నైట్రోజన్ ఉంటాయి. ఇంకో నైట్రోజన్ కూడా ఉన్న వలయానికి పిపెరజైన్ అన్నారు. జలుబు చేసినప్పుడు అమ్మ పెట్టే మిరియాల చారులోనూ ఒక విజాతి వలయం ఉందన్నమాట.

వలయాన్ని మూయడం ఎలా?

గొలుసు రెండు కొసలూ కలిపేస్తే వలయం అయిపోతుందని చెప్పడం తేలికే. చెయ్యడమే కష్టం. ఒక గొలుసు కొస తన రెండో కొసను పట్టుకోకుండా పక్క గొలుసు కొసను పట్టుకుందనుకోండి, వలయం రాదు సరికదా గొలుసు ఇంకా పొడవవుతుంది. అసెంబ్లీ మైదానంలో వందమందిని కిక్కిరిసి నిలబెట్టి "ఆరుగురేసి గుండ్రంగా నిలబడండి" అంటే జరిగే గందరగోళమే ఇదీ. పిల్లల్ని దూరదూరంగా నిలబెడితే ఎవరి వలయం వాళ్లు కట్టుకుంటారు. అందుకే కొన్ని చర్యల్లో రసాయన శాస్త్రజ్ఞులు ద్రావణాన్ని బాగా పల్చగా ఉంచుతారు.

వలయం ఎంత పెద్దదన్నది కూడా ముఖ్యమే. ముగ్గురో నలుగురో అయితే చేతులు అసహజంగా వంచాల్సి వస్తుంది, వలయం బిగుసుకుపోతుంది. మరీ ఎక్కువమంది అయితే కొసలు ఒకదానికొకటి దొరకవు. ఐదు, ఆరు పరమాణువుల వలయాలే హాయిగా మూసుకుంటాయి. మందుల్లో అవే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

మేడంగారు బోర్డు మీద చూపించిన ఉదాహరణ చెప్తాం. ఆర్థోఫినిలీన్ డైఅమీన్ అనే పదార్థం ఉంది. బెంజీన్ వలయం మీద పక్కపక్కనే రెండు నైట్రోజన్లు చేతులు చాచి నిలబడి ఉంటాయి. దీన్ని ఫార్మిక్ ఆమ్లంతో కలిపి వేడి చేస్తారు. కొన్ని రకాల చీమలు కుట్టినప్పుడు మండేది ఈ ఆమ్లం వల్లే. దీనిలో ఒకే ఒక్క కార్బన్ ఉంటుంది. ఆ కార్బన్‌ను ఒకవైపు నుంచి ఒక నైట్రోజన్, రెండోవైపు నుంచి రెండో నైట్రోజన్ పట్టుకుంటాయి. ఈ పట్టుకోవడంలో రెండు నీటి అణువులు బయటికి పోతాయి. బెంజీన్ పక్కనే దాన్ని ఆనుకుని ఐదు పరమాణువుల కొత్త వలయం మూసుకుంటుంది. దీని పేరు బెంజిమిడజోల్.

తరువాత దాన్ని వేడి నీళ్లలో కరిగించి చల్లారనిస్తే శుభ్రమైన స్ఫటికాలు దిగుతాయి. వచ్చింది అదేనా కాదా అని చూడటానికి ఒక తేలికైన పరీక్ష దాని ద్రవీభవన స్థానం. స్వచ్ఛమైన బెంజిమిడజోల్ సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంతకన్నా ముందే మెత్తబడుతుంటే ఏదో మలినం మిగిలిందన్నమాట. ఇవన్నీ ప్రయోగశాలలో, పెద్దల పర్యవేక్షణలో చేసేవి. ఇంట్లో ప్రయత్నించకండి. ఫార్మిక్ ఆమ్లం పడితే ఒళ్లు కాలుతుంది.

ఆల్బెండజోల్‌కు గుండెకాయ ఈ బెంజిమిడజోల్ వలయమే. ఆ వలయానికి మరికొన్ని పరమాణువుల గుంపులు తగిలించి ఉంటాయి. పురుగు కణాల్లో ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు వేసే సరంజా కర్రల్లాగా కణం లోపల నిలబడి, సరుకు మోయడానికి దారి ఇచ్చే గొట్టాలు దీంతోనే తయారవుతాయి. ఆల్బెండజోల్ వెళ్లి ఆ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. మన కణాల్లోని ట్యూబ్యులిన్ కన్నా పురుగుదాన్నే గట్టిగా పట్టుకుంటుంది. గొట్టాలు కట్టడం ఆగిపోతుంది. పురుగు గ్లూకోజ్‌ను పీల్చుకోలేక మాడిపోతుంది. మీరు కిటికీలోంచి విసిరేసింది దీన్నే.

ఏనుగు కాలు

ఇప్పుడు పేగుల్లో కాకుండా మనిషి ఒంట్లో ఇంకోచోట బతికే పురుగు గురించి చెప్పాలి. మన ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, "యానైక్కాల్" అంటారు. అంటే ఏనుగు కాలు. తెలుగులో బోదకాలు. పుదుచ్చేరి వాళ్లకూ, గోదావరి జిల్లాల వాళ్లకూ పాత తరాల నుంచీ తెలిసిన బాధ ఇది. కాలు వాచి వాచి, చర్మం మందమై, చెప్పు కూడా పట్టనంతగా తయారవుతుంది. ప్రాణం తీయదు. కానీ పని చేసుకోనివ్వదు, నలుగురిలో తిరగనివ్వదు.

దీనికి కారణం ఊకరేరియా బాంక్రాఫ్టి అనే దారం లాంటి పురుగు. అది మనిషి శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. లక్షల కొద్దీ సూక్ష్మమైన పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు మన దేశంలో ఎక్కువగా రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా పరీక్షకు ఆరోగ్య కార్యకర్తలు రాత్రిళ్లు వచ్చి రక్తం తీసుకుంటారు. సరిగ్గా ఆ వేళలోనే క్యూలెక్స్ దోమ కూడా కుడుతుంది. ఈ పురుగు పిల్లలు దోమ ఒంట్లో పెరుగుతాయని 1877లో చైనాలోని అమోయ్‌లో పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు.

క్యూలెక్స్ దోమకు మురికినీళ్లంటే ప్రాణం. మన ఊరి మధ్య నుంచి పోయే పెద్ద కాలువా, వీధుల పక్కన మూతల్లేని మురుగుకాలువలూ మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఇలాంటి రోగాలను మోసుకొచ్చే కీటకాల మీద పరిశోధన కోసం భారత వైద్య పరిశోధన మండలి 1975లో ఇక్కడే, పుదుచ్చేరిలోనే, వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను స్థాపించింది. ఇందిరా నగర్ వైపు వెళ్లేటప్పుడు ఆ బోర్డు మీలో కొందరు చూసే ఉంటారు. 1980లలో ఈ కేంద్రం వాళ్లు ఊరి కాలువల్లో, బావుల్లో దోమలను అదుపు చేసే పని పెద్ద ఎత్తున చేపట్టారు.

దోమను ఆపితే రోగం కొత్తవాళ్లకు పాకదు. మరి అప్పటికే రక్తంలో ఉన్న పురుగు పిల్లల మాటేమిటి? అక్కడే మన వలయం మళ్లీ వస్తుంది.

భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదటి నుంచీ ఫస్టు వచ్చిన మనిషి కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోవడం కళ్లారా చూశారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు కట్టడం ఆంగ్లేయ ప్రొఫెసరుకు నచ్చక, ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తరువాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి ఇద్దరి పేర్లతో ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులు వేలమందికి ఫైలేరియా అంటుకుంది. అప్పటిదాకా గోదావరి, పుదుచ్చేరి లాంటి చోట్ల పేదల బాధగా ఉన్న రోగానికి ఒక్కసారిగా మందు వెతకడం మొదలైంది. సుబ్బారావుగారి బృందంలో హ్యూయిట్, కుష్నర్ మొదలైనవారు ఈ పని చేపట్టారు. కాటన్ ర్యాట్ అనే అడవి ఎలుకలకు సహజంగానే ఒక రకం ఫైలేరియా పురుగు ఉంటుంది. రసాయనాలను ఒక్కొక్కటిగా తయారు చేసి, ఆ ఎలుకల మీద పరీక్షించి, రక్తంలో పురుగు పిల్లలు తగ్గాయో లేదో లెక్కపెట్టారు. తగ్గకపోతే ఇంకోటి తయారు చేసేవారు. మందు కనిపెట్టడం అంటే చాలావరకు ఇదే. చేయడం, చూడటం, పారేయడం, మళ్లీ చేయడం.

చివరికి గురి కుదిరింది పిపెరజైన్ వలయం దగ్గర. ఈ వలయంలో ఉన్న సౌకర్యం చూడండి. ఒక్కో నైట్రోజన్‌కు మూడు చేతులు. రెండు వలయంలో పోతాయి, ఒకటి మిగులుతుంది. రెండు నైట్రోజన్లు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి వలయానికి అటొకటి, ఇటొకటి ఖాళీ చేతులు దొరుకుతాయి. ఒక చేతికి ఏదో ఒక గుంపు తగిలించి, రెండో చేతికి ఇంకోటి తగిలించి, మార్చి మార్చి చూడవచ్చు. కావడికి అటూ ఇటూ బరువులు మార్చినట్టు.

ఫలించిన కలయిక ఇది: ఒకవైపు చిన్న మిథైల్ గుంపు, రెండోవైపు డైఇథైల్ కార్బమైల్ గుంపు. అందుకే పేరు డైఇథైల్ కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. హెట్రజాన్ పేరుతో వచ్చింది. తయారీలో అసలు మెట్టు ఒకటే. ముందుగానే మిథైల్ ఉన్న పిపెరజైన్‌ను డైఇథైల్ కార్బమైల్ క్లోరైడ్‌తో కలుపుతారు. వలయంలో ఖాళీగా ఉన్న నైట్రోజన్ క్లోరిన్‌ను పక్కకు నెట్టి ఆ గుంపును పట్టుకుంటుంది. బయటపడిన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని క్షారంతో తటస్థం చేస్తారు. ఆ తరువాత సిట్రిక్ ఆమ్లం కలుపుతారు. నిమ్మకాయలో పులుపు అదే. మిథైల్ వైపున్న నైట్రోజన్ ఆ ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్‌ను తీసుకుంటుంది. నీళ్లలో చక్కగా కరిగే తెల్లటి డీఈసీ సిట్రేట్ తయారవుతుంది. నైట్రోజన్ చేసే పనుల్లో రెండోదని మొదట చెప్పాం చూడండి, అది ఇదే.

1947లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అదే సంవత్సరం పోర్టోరికోలో రోగులకు ఇచ్చి చూస్తే రక్తంలోని పురుగు పిల్లలు వేగంగా మాయమయ్యాయి. ఎలా మాయమవుతాయన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ పూర్తిగా తేల్చలేదు. మందు నేరుగా చంపడం కన్నా, దాక్కున్న పురుగు పిల్లల్ని మన శరీర రక్షణ వ్యవస్థ కంటికి పట్టిస్తుందని ఎక్కువమంది అభిప్రాయం.

ఒక్క గుంపు మారితే

ఇదే ప్రయోగశాలలో ఇంకో వలయం పని కూడా జరిగింది. మీకు బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాని తలభాగంలో ఒకదానికొకటి ఆనుకున్న రెండు వలయాలున్నాయి. ఆ రెండింటిలో కలిపి నాలుగు నైట్రోజన్లు. పేరు టెరిడీన్. రక్తం పట్టడానికి కావలసిన విటమిన్ ఇది. సుబ్బారావుగారి బృందం దీన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది. ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూకు పనికొచ్చే మందు ఇదే.

ఆ వలయం మీద ఒకచోట ఆక్సిజన్ ఉన్న గుంపు బదులు నైట్రోజన్ ఉన్న గుంపును పెడితే అమినోటెరిన్ అవుతుంది. చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది. కానీ కణం దాన్ని విటమిన్ అనుకుని తీసుకుని మోసపోతుంది, పెరగడం ఆగిపోతుంది. విపరీతంగా పెరిగే కణాలే క్యాన్సర్ కదా! బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దీన్ని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. కొందరిలో రోగం తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. దీని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. ఒకే వలయం, ఒక్కచోట మార్పు. ఒకటి పోషిస్తుంది, ఒకటి ఆపుతుంది.

ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లో కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. మళ్లీ స్వదేశానికి రాలేదు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

ప్రయోగశాల నుంచి వీధిలోకి

మందు దొరికింది 1947లో. మరి బోదకాలు ఎందుకు అప్పుడే పోలేదు? ఇక్కడ రసాయనశాస్త్రం పని అయిపోయి, మనుషుల పని మొదలవుతుంది.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైంది. రక్తం పరీక్షించడం, పురుగు పిల్లలు కనిపించినవాళ్లకు డీఈసీ ఇవ్వడం పద్ధతి. కానీ అందరికీ రాత్రిపూట పరీక్ష చేయడం సాధ్యమా? దొరకనివాళ్లు దొరకకుండానే ఉండిపోయారు. 1980లలో పుదుచ్చేరికి చెందిన కారైక్కాల్‌లో ఇంకో ఉపాయం చేసి చూశారు. డీఈసీని వంట ఉప్పులో కలిపి ఇచ్చారు! డీఈసీ పొయ్యి వేడికి చెడిపోదు. సాంబారులో ఉప్పుతో పాటు మందు కూడా కొద్దికొద్దిగా అందరి ఒంట్లోకీ వెళ్లింది. అక్కడ రోగం బాగా తగ్గింది.

2004 నుంచి ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ మందు ఇచ్చే కార్యక్రమం దేశమంతటా మొదలైంది. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లు తప్ప అందరూ మింగాలి. డీఈసీతో పాటు ఆల్బెండజోల్ కూడా ఇస్తారు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్మెక్టిన్ కూడా చేర్చారు. నేలలోని ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు అది. అందులోని పెద్ద వలయంలో ఆక్సిజన్ ఒక సభ్యురాలు. మూడు మందులు, మూడూ విజాతి వలయాలే.

ఈ కథలో మాకు బాగా నచ్చిన మలుపు ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా పేద దేశాలకు 220 కోట్ల డీఈసీ మాత్రలు ఉచితంగా ఇస్తామని 2012లో జపాన్ మందుల సంస్థ ఐసాయ్ మాట ఇచ్చింది. ఆ మాత్రలు తయారవుతున్నది విశాఖపట్నంలోని వాళ్ల కర్మాగారంలో. భీమవరంలో పుట్టినాయన బృందం పెర్ల్ రివర్‌లో కనిపెట్టిన మందు ఇప్పుడు మన సముద్ర తీరం నుంచే దేశదేశాలకు వెళ్తోంది.

ఆ అబ్బాయికి జవాబు

ఇప్పుడు ఆ ఏడో తరగతి అబ్బాయి ప్రశ్న దగ్గరికి వద్దాం. రోగం లేనివాడికి మందెందుకు?

నాయనా, నువ్వు రోగం లేనివాడివి కావచ్చు. లేదా రోగం కనబడనివాడివి కావచ్చు. రెండింటికీ తేడా నీకూ తెలియదు, మాకూ తెలియదు. ఫైలేరియా ఎక్కువగా చిన్నతనంలోనే అంటుకుంటుంది. కాలు వాచేది ఎన్నో ఏళ్ల తరువాత. ఆ మధ్యకాలమంతా మనిషి హాయిగా తిరుగుతుంటాడు. అతణ్ణి కుట్టిన దోమ పక్కింటివాళ్లను కుడుతుంది. నులిపురుగుల సంగతీ అంతే. ఎవరి కడుపులోనో ఉన్న పురుగు గుడ్లు మట్టిలోకి పోతాయి. ఆ మట్టి అంటిన చేతులతో ఆడుకున్న తరగతి మొత్తానికీ తిరిగి వస్తాయి. అందుకే మందు ఒక్కడి కోసం కాదు, తరగతి కోసం. పదిమందిలో ఇద్దరు మాత్ర పారేస్తే మిగతా ఎనిమిదిమంది నమిలిన మాత్రలకు విలువ తగ్గిపోతుంది.

ఒక వలయంలో రెండు పరమాణువులు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఎంతోమంది ఎన్నో ఏళ్లు కష్టపడ్డారు. ఎలుకల రక్తంలో పురుగులను లెక్కపెట్టారు. మాత్ర మీ అరచేతిలోకి వచ్చేసరికి వాళ్ల పని పూర్తయింది. అక్కడి నుంచి నోటి దాకా ఉన్న ఆ జానెడు దూరం మాత్రం మీదే.

ఆగస్టు 10న మళ్లీ మాత్ర ఇస్తాం. ఈసారి నమిలి మింగండి. మాత్ర చప్పరించి రుచి బాగాలేదనిపిస్తే నీళ్లు తాగండి, మేమే తెచ్చి ఇస్తాం. మర్నాడు పొద్దున కిటికీ కింద పూలకుండీల దగ్గర మేము తప్పకుండా చూస్తాం.